కంచె పక్కన తీగ

వీధిలో అందరూ ఆయన్ని చేటచెవులాయన అంటారు. నిజానికి ఆయనవి మామూలు చెవులే, అంచుల్లో నాలుగు తెల్ల వెంట్రుకలు మొలిచిన ముసలి చెవులు. ఆ పేరు పెట్టింది ఆయన హామ్ రేడియో స్నేహితులు. లైసెన్సు తీసుకుని, ఇంట్లో సొంత రేడియో పెట్టుకుని, దేశదేశాల వాళ్లతో సరదాకి కబుర్లాడుకునే ఈ జనంలో ఒక వేళాకోళం ఉంది. గొంతు చించుకుని అరుస్తూ అవతలివాడి మాట వినిపించుకోని వాణ్ని మొసలి అంటారు, నోరే తప్ప చెవుల్లేవని. అందరి మాటా విని, తన మాట మాత్రం ఎవరికీ చేరని వాణ్ని ఏనుగు అంటారు. ఈయన రెండో రకం. భూగోళానికి అటు పక్క ఎవడైనా దగ్గితే ఈయనకి వినపడుతుంది. ఈయన ఇక్కణ్నించి ఎంత మొత్తుకున్నా అటువైపు ఉలుకూ పలుకూ ఉండదు. ఏనుగు అంటే బాగుండదని కాబోలు, చేటచెవులన్నారు. ఆ పేరు క్లబ్బు దాటి వీధిలోకి, వీధి దాటి ఇంట్లోకి వచ్చేసింది. కోపం వచ్చినప్పుడు భార్య కూడా అదే వాడుతుంది.

ఇంతటి చెవులున్న మనిషి సొంత అక్క మాటకి నోచుకోక ఏళ్లు గడిపాడు. ఆవిడ ఈయనతో మాట్లాడేది కాదు. ఎక్కడో దూరాన లేదు, పెరటి వెనక ఉన్న పొడుగాటి దొడ్డికి అటు చివర రెండు గదుల ఇంట్లో ఉండేది. ఇద్దరికీ వయసు మీద పడింది. ఇద్దరిలో ఎవరో ఒకరు పోయేలోగా ఆవిడ తనతో ఒక్కసారి మాట్లాడితే చాలని ఆయన కోరిక. ఆ సంగతి ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. అడిగితే, నాకేం పట్టిందని బుకాయించేవాడు. కానీ అక్క గొంతు పెరట్లోంచి వినపడితే చాలు, తింటున్న ముద్ద నోట్లోనే ఆగిపోయేది.

ఆయన ఉద్యోగం కూడా చెవులతోనే గడిచింది. నీటి సరఫరా శాఖలో లీకులు పట్టే పని. వీధుల్లో జనం లేవకముందే బయల్దేరి, ఇనప కడ్డీ ఒక కొస భూమిలోని పైపుకి ఆనించి, రెండో కొస చెవికి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఎక్కడ నీళ్లు కారుతున్నాయో ఆ సన్నటి సుయ్‌మనే చప్పుణ్ని బట్టి చెప్పేవాడు. ఎవరైనా చూస్తే, ఈ పెద్దమనిషికి మతి గాని పోయిందా, పొద్దున్నే నడివీధిలో నిలబడి నిద్రపోతున్నాడు అనుకునేవాళ్లు. చీమ చిటుక్కుమన్నా వినపడే మనిషని ఆఫీసులో పేరు. ఆ పేరంటే ఆయనకి పైకి చెప్పని గర్వం.

రేడియో పిచ్చి ఎలా పట్టుకుందో గానీ, పట్టుకుంది. అందులోనూ సులువైనది కాదు, దిగువ బ్యాండ్లు కావాలన్నాడు. అక్కడ ఒక్కో తరంగం పొడవు ఒక వీధంత ఉంటుంది. ఆ తరంగాల మీద దూరదేశాలకి మాట పంపాలంటే తాటిచెట్టుకి రెండింతల ఎత్తున స్తంభం ఎత్తాలి. ఆ స్తోమత ఆయనకి లేదు, ఎత్తనిచ్చే ఇరుగుపొరుగూ లేరు. మేడ మీద ఒక తీగని అటూ ఇటూ వంచి కట్టుకున్నాడు, మాట పంపడానికి. అది మూలుగుతూ పనిచేసేది. వినడానికి మాత్రం వేరే దారి పట్టాడు. మనిషి ఛాతీ ఎత్తున, నేలకి దగ్గరగా, తిన్నగా, చాలా పొడుగ్గా లాగిన ఒకే ఒక్క తీగ. ఏ దిక్కు వినాలో ఆ దిక్కుకి లాగాలి. ఇటు కొస రేడియోకి, అటు కొస చిన్న రెసిస్టరు మీదుగా భూమిలో దిగేసిన కడ్డీకి. అంత కిందుగా ఉన్న తీగకి మాట పంపడం చేతకాదు, వినడం మాత్రమే వచ్చు. బట్టలారేసుకునే తాడులా ఉండే ఆ తీగ, ఎత్తయిన స్తంభాలు వినలేని గుసగుసల్ని పట్టుకొస్తుంది. కారణం దానికి బలం ఎక్కువని కాదు, తను చూస్తున్న దిక్కు తప్ప మిగతా దిక్కుల రొదని అది పట్టించుకోదు.

తీగ పడమటికి వెళ్లాలి. పడమట అక్క దొడ్డి ఉంది. ఆవిడ మొక్కలు పెంచి అమ్మేది. దొడ్డి నిండా కుండీలు, నారుమళ్లు, అంట్లు కట్టిన కొమ్మలు. ఊరి మీద తిరిగే పశువులు వచ్చి మేసిపోకుండా దొడ్డి పొడవునా కరెంటు కంచె వేయించుకుంది. బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె ఒకటి ఉండి ఉండి కంచెలోకి కొద్దిగా కరెంటు వదులుతుంది, ముట్టుకున్న ఆవు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, అంతే. ఆ కంచె పక్కనే తమ్ముడి తీగ పోవాలి. నిజానికి కంచె పక్కన ఇలాంటి తీగ లాగకూడదు, కంచెలో కరెంటు పడినప్పుడల్లా రేడియోలో టక్కుమంటుంది, కానీ వేరే చోటు లేదు. అప్పట్లో అక్కాతమ్ముళ్లు బాగానే ఉండేవాళ్లు. గుంజలు పాతుతుంటే ఆవిడే పట్టుకుని నిలబడింది. ఒరేయ్, తిన్నగా కొట్టు, ఏడ్చినట్టుంది నీ సుత్తి దెబ్బ, అని వెక్కిరించింది కూడా. తీగ చివరి కడ్డీ ఆవిడ వంటింటి కిటికీ కింద దిగింది.

మాటలు ఎందుకు పోయాయో చెప్పాలి. వాళ్ల అమ్మ మంచాన పడి తమ్ముడింట్లో ఉండేది. చూసుకోవడానికి అక్క వచ్చి అక్కడే పడుకునేది. దూరపు సంకేతాలు దిగువ బ్యాండ్లలో పైకి తేలేది రెండే వేళల్లో, పొద్దు పొడిచేటప్పుడూ కుంకేటప్పుడూ. ఆ కాసేపూ ఆయన వెనక గది తలుపు మూసుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కదలకుండా కూర్చునేవాడు. ఒక తెల్లవారుజామున అమ్మకి ఊపిరి ఆడలేదు. కొడుకుని పిలవమంది, తనూ పిలిచింది. అక్క కేకలేసింది, తలుపు కొట్టింది. ఈయన ఎక్కడో సముద్రాల అవతల ఒకడు టెలిగ్రాఫులా కొడుతున్న మోర్స్ చుక్కల్లో మునిగిపోయి ఉన్నాడు. ఆ వేళప్పుడు భార్య మందుల షాపు తలుపు కొట్టడానికి పరిగెత్తింది. ఆయన మొహం నిండా నవ్వుతో తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి అంతా అయిపోయింది.

అక్క ఏడవలేదు. అమ్మ కళ్లు మూసి, లేచి నిలబడి ఒక్క మాట అంది.

“అమ్మ నిన్నే పిలిచింది. నీకు తప్ప వీధి మొత్తానికి వినపడింది.”

అదే ఆఖరి మాట. ఆ తర్వాత ఎదురుపడితే మొహం తిప్పుకునేది. ఆయన కాళ్లావేళ్లా పడి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఆయన పడలేదు. తప్పు చేసిన మనిషికి సిగ్గు వేస్తుంది, ఆ సిగ్గు కొన్నాళ్లకి పంతంలా కనిపించడం మొదలెడుతుంది. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు, పంతంలో ఒకరికొకరు తీసిపోరు. మధ్యలో భార్య నలిగిపోయింది. కూర గిన్నె అటు తీసుకెళ్లేది, పూలకుండీ ఇటు తెచ్చేది. వదిన ఇలా అంది, వదినకి ఒంట్లో బాగాలేదు అని చెబుతుంటే, ఆయన పేపరు చూస్తున్నట్టు నటిస్తూ ఒళ్లంతా చెవులు చేసుకుని వినేవాడు.

తీగని మాత్రం అక్క తీసేయమనలేదు. ఈయనా అడగలేదు. ఆ తీగ అలాగే ఉండిపోయింది, ఒక కొస తమ్ముడి రేడియో దగ్గర, ఒక కొస అక్క వంటింటి కిటికీ కింద.

ఆ తీగ మీద ఆయనకి దక్కిన నిశ్శబ్దం గురించి క్లబ్బులో కథలు కథలుగా చెప్పుకునేవాళ్లు. ఊళ్లలో రేడియో అంటే రొద. టీవీలు, మోటార్లు, బల్బులు, ఛార్జర్లు అన్నీ కలిసి గీపెడుతుంటాయి. ఈయన దగ్గర అలా కాదు. హాములు దూరాభారమనుకోకుండా వచ్చి మరీ విని, హెడ్‌ఫోన్లు తీసి, నమ్మలేనట్టు చూసేవాళ్లు. కంచె ఇంత పక్కన ఉండి ఒక్క టక్కు కూడా లేదేమిటి అని ఒకాయన అడిగాడు. ఈయన కుర్చీలో వెనక్కి వాలి, భూమి స్వభావం గురించి, ఎర్త్ కడ్డీ లోతు గురించి, తను చేత్తో చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు గురించి గంటసేపు పాఠం చెప్పాడు. అంతా ఒప్పుకుని తలూపారు. వాళ్లూ అంతే, ఈయనా అంతే. నేలలోకి ఎంత లోతుకి దిగారో గానీ, నేల మీద ఏముందో ఒక్కడూ తొంగి చూడలేదు.

కూతురి కాన్పుకి భార్య ఊరెళ్లిన వానాకాలంలో అసలు కథ మొదలైంది. వెళ్తూ వెళ్తూ ఆవిడ పదిసార్లు చెప్పింది, వదిన ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసపడుతోంది, ఓ కన్నేసి ఉంచండి అని. ఆయన ఊఁ కొట్టాడు. ఊఁ కొట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం హెడ్‌ఫోన్లలో టక్కుమంది. ఆగి, మళ్లీ టక్. అలా ఆగి ఆగి, గడియారం కన్నా మొండిగా. ఆయనకి చెప్పక్కర్లేదు, అది కరెంటు కంచె. తడి గడ్డి కంచె తీగకి తగిలితే అక్కడ సన్నగా నిప్పురవ్వ పుడుతుంది, ఆ రవ్వ రేడియోలో సుత్తి దెబ్బలా పడుతుంది. మర్నాడు రెండు చోట్ల నుంచి. వారం తిరిగేసరికి వేయించిన గింజల్లా చిటపట. దూరపు గుసగుసలన్నీ ఆ దెబ్బల కింద నలిగిపోయాయి.

ఆయన పెరటి గోడ దగ్గరికి వెళ్లి తొంగి చూశాడు. నిజమే, కంచె పొడవునా గడ్డి ఏపుగా పెరిగి తీగలకి అల్లుకుంటోంది. ఆవిడ దొడ్డి ఎప్పుడూ అద్దంలా ఉండేది. గడ్డి అలా పెరగనిచ్చిందంటే ఏమనుకోవాలి? మామూలు మనిషైతే ఆవిడకి ఒంట్లో ఎలా ఉందో అనుకునేవాడు. రేడియో మనిషి కాబట్టి ఈయన వేరేగా అనుకున్నాడు. ఇన్నేళ్లూ మాట్లాడకుండా సాధించింది చాలక, ఇప్పుడు గడ్డి పెంచి మరీ కక్ష తీర్చుకుంటోంది అనుకున్నాడు. చెవిలో టక్కుమన్నప్పుడల్లా, చూశావా, చూశావా అని అక్క తనని పొడుస్తున్నట్టే ఉండేది. పళ్లు నూరుకున్నాడు.

భార్య ఫోన్ చేసి, వదిన ఫోన్ ఎత్తడం లేదు, ఓసారి వెళ్లి చూసి రండి అంది. మొక్కల్లో ఉండి ఉంటుంది, ఫోన్ లోపల పెట్టి ఉంటుంది అన్నాడు. ఆవిడ మళ్లీ చేసింది. రేపు వెళ్తానన్నాడు. మూడోసారి ఆవిడ, మీకు చెవులున్నదెందుకండీ అని పెట్టేసింది. రేపు, రేపు అంటూ ఆయన మాత్రం బల్ల ముందు కూర్చుని ఒక పెట్టె తయారు చేస్తున్నాడు. టక్కు వచ్చిన క్షణం రేడియో చెవి మూసేసి, అది పోగానే తెరిచే పెట్టె. మనిషి రెప్ప కొట్టినట్టు, పక్కవాడికి తెలియనంత వేగంగా. కళ్లు మండేదాకా కూర్చుని, వేళ్లు కాల్చుకుని, మొత్తానికి పూర్తి చేశాడు. మీట నొక్కగానే కంచె చప్పుడు తుడిచినట్టు పోయింది. ఆయన ఒక్కడే గదిలో కూర్చుని, ఎలా ఉంది దెబ్బ అన్నాడు పైకే.

ఆ రోజుల్లోనే ఒక దీవి రేడియోలో పలికింది. మనుషులు లేని దీవి అది. ఏ పదిహేనేళ్లకో కొందరు హాములు ఓడలో వెళ్లి, డేరాలేసుకుని, కొన్నాళ్లు ప్రపంచంతో మాట్లాడి వచ్చేస్తారు. కిందటిసారి ఈయన వాళ్లని విన్నాడు, పిలిచాడు, వాళ్లకి వినపడలేదు. ఈసారి తప్పితే మరో అవకాశం దాకా తను ఉండడని ఆయనకి తెలుసు. పొద్దు కుంకేవేళ కూర్చున్నాడు. కింది తీగ మీద వాళ్ల మోర్స్ నూలుపోగులా వచ్చింది. మేడ మీది తీగతో పిలిచాడు. పిలిచాడు, పిలిచాడు. ఇక ఆ వెలుగు పోతుందనగా వాళ్లు ఈయన పిలుపు గుర్తుని, అంటే లైసెన్సులో ఇచ్చిన అక్షరాల్ని, ఒక అక్షరం తప్పుగా తిరిగి కొట్టారు. ఆ అక్షరం మళ్లీ కొట్టి సరిచేశాడు. ఈసారి సరిగ్గా కొట్టారు. అందింది, ధన్యవాదాలు అన్నారు. చేటచెవులాయన మాట అవతలి ఒడ్డుకి చేరింది.

లేచి గదిలో గిరగిరా తిరిగాడు. ఎవరితోనైనా చెప్పాలి. ఇంట్లో ఎవరూ లేరు. భార్యకి ఫోన్ చేస్తే ముందు అక్క సంగతి అడుగుతుంది. మళ్లీ కుర్చీలో కూర్చుని, ఇంత గెలుపులో కొద్దిపాటి కుళ్లు కూడా ఉంటుంది కాబట్టి, ఓడిపోయిన కంచె ఎలా మొత్తుకుంటోందో విందామని ఆ పెట్టె మీట ఆపేశాడు.

ఏమీ లేదు.

పెట్టె ఆగలేదేమో అనుకుని మళ్లీ నొక్కాడు, మళ్లీ ఆపాడు. టక్కు లేదు. గడ్డి కోసేసిందా? కాదు. దొడ్డి అద్దంలా ఉన్న రోజుల్లో కూడా చెవి రిక్కిస్తే అట్టడుగున కంచె చిన్నగా కొట్టుకోవడం ఆయనకి వినపడేది. ఇంకెవరికీ వినపడనంత చిన్నగా, నిద్రపోతున్నవాళ్ల నాడిలా. ఇప్పుడు అదీ లేదు. కంచెలో కరెంటే లేదు. బ్యాటరీ అయిపోయింది, ఎవరూ మార్చలేదు. పశువులు విచ్చలవిడిగా తిరిగే కాలంలో అక్క కంచె ఆరిపోయి ఎన్నాళ్లయిందో, పెట్టె పెట్టుకుని కూర్చున్న తనకి తెలియదు.

పైపుల దగ్గర పనిచేసినవాడు ఆయన. కారే చప్పుడుకి ఎప్పుడూ భయపడలేదు. నీళ్లు పారాల్సిన పైపు మీద కడ్డీ ఆనిస్తే ఏ చప్పుడూ లేకపోతే మాత్రం గుండె జారేది. ఇప్పుడూ అంతే. చెప్పులు కూడా వేసుకోకుండా పెరటి తలుపు తీశాడు.

ఇంకా కొంచెం వెలుగుంది. తీగ పట్టుకుని నడిచాడు, గుడ్డివాడు తాడు పట్టుకున్నట్టు. గడ్డి మోకాళ్ల దాకా ఉంది. నారుమళ్లని ఆవులు తొక్కేశాయి. కుండీల్లో మొక్కలు కొన్ని మేసి, కొన్ని ఎండి ఉన్నాయి. ఇంత పొడుగు దొడ్డి అని ఆయన ఎన్నడూ అనుకోలేదు. తీగ కొలతే ఆయనకి తెలుసు, దాని కింద నేల ఎంత ఉందో తెలియదు. కిటికీ కింద కడ్డీ దగ్గరికి వచ్చేసరికి ఆయనకే ఆయాసం వచ్చింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అక్క కుర్చీలో కూర్చుని ఉంది, వెనక రెండు దిళ్లు పెట్టుకుని. పడుకుంటే ఊపిరాడక రాత్రిళ్లు కూడా అలాగే కూర్చుని గడుపుతోందని తర్వాత తెలిసింది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. మొహం సగమైంది. తల తిప్పి తమ్ముణ్ని చూసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు, తిప్పుకునే ఓపిక లేదో, మరొకటో.

“తీగ తెగిందా?” అంది.

ఇన్నేళ్లకి తనతో అన్న మొదటి మాట. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“మరెందుకొచ్చావ్?”

“కంచె ఆగిపోయిందక్కా.”

“బ్యాటరీ మొయ్యలేకపోయాను.” ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటోంది. “గడ్డి కూడా కొయ్యలేదు. వంగితే కళ్లు తిరుగుతున్నాయి. నీకు చప్పుడొస్తుందేమో అనుకుంటూనే ఉన్నా.”

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. గడ్డి నా కోసం కోసేదానివా అని అడిగాడు. ఆవిడ విసుక్కుంది, ఇంత తెలివితక్కువ వాణ్నా తను ఎత్తుకు మోసింది అన్నట్టు.

“కాస్త గడ్డి తగిలితే కంచెకేమవుతుంది? ఆవుకి తగలాల్సింది తగులుతూనే ఉంటుంది. ఒక్క పోచ తగిలినా చెవిలో సుత్తితో కొట్టినట్టు ఉంటుందని నువ్వే కదరా చెప్పావు, గుంజలు పాతిన రోజున.”

చెప్పాడు కాబోలు. ఆయనకి గుర్తు లేదు. ఆవిడకి గుర్తుంది. అమ్మ పోయిన వారంలో కోసింది, మొహం తిప్పుకున్న ఏళ్లన్నిట్లో కోసింది, వానల్లో, ఎండల్లో, మోకాళ్ల నొప్పులతో, కొడవలి పట్టుకుని, కంచె ఈ కొస నుంచి ఆ కొస దాకా. దూరం నుంచి వచ్చిన హాములు మెచ్చుకున్న ఆ నిశ్శబ్దం, ఆయన ట్రాన్స్‌ఫార్మరుదీ కాదు, భూమిదీ కాదు. ఆయన గుమ్మంలోనే కూలబడి, ఎవరి ముందూ ఏడవని మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ ఆపలేదు, ఓదార్చలేదు. కాసేపయ్యాక, ఆ బిందెలో నీళ్లున్నాయేమో చూడు అంది.

ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గుండె బాగా అలిసిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. మందులిస్తే కాళ్ల వాపు తగ్గుతుంది, ఊపిరి ఆడుతుంది, కానీ పోయిన బలం తిరిగి రాదంది. కొన్ని వారాల ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదంది. ఇంత వాచిపోయేదాకా ఎవరూ గమనించలేదా అని కొంచెం గట్టిగానే అడిగింది.

“నాకు వినపడిందమ్మా,” అన్నాడు ఆయన. “రోజూ వినపడింది. నేనే వినపడకుండా చేసుకున్నాను.”

డాక్టరమ్మకి అది అర్థం కాలేదు. చీటీ రాసి చేతిలో పెట్టింది.

అక్క తమ్ముడింటికి రానంది. అమ్మ పోయిన గదిలో తను పడుకోనంది. అయితే నేనే వస్తానని ఆయన ఒక చాపా దిండూ తీసుకుని రెండు గదుల ఇంటికి వెళ్లాడు. భార్య ఫోన్లో అంతా విని చాలాసేపు ఏడ్చి, పసిపిల్లతో కూతుర్ని ఒక్కదాన్ని వదల్లేననీ, బిడ్డకి నెల నిండగానే వస్తాననీ చెప్పింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆయనకి.

రేడియో మీద దుమ్ము పేరుకుంది. పొద్దు కుంకేవేళ అలవాటుగా వేళ్లు దురద పెట్టేవి, కానీ ఆ వేళకి అక్కకి మాత్రలివ్వాలి. పగలు ఆవిడ కొడవలి తీసుకుని గడ్డి కోశాడు. ఎంత చేతకాదో అప్పుడు తెలిసింది. అరచేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది, మొదటి రోజు నాలుగు గుంజల దూరం కూడా సాగలేదు. అక్క కిటికీలోంచి చూస్తూ తిట్టేది. గడ్డి మొదలు పట్టుకోవాలి, జుట్టు పట్టుకుని లాగినట్టు అదేం కొయ్యడం అనేది. ఇన్నేళ్ల తిట్లు బాకీ పడ్డట్టు తిట్టేది. ఆయన వంచిన తల ఎత్తకుండా, ఒక్క తిట్టూ జారిపోకుండా వినేవాడు.

ఆవిడ అన్నీ మాట్లాడింది. మొక్కల గురించి, ఎవరెవరికి ఏ అంట్లు ఇస్తానని మాటిచ్చిందో, పుట్టిన పాపకి ఎవరి పోలిక వచ్చిందో, చిన్నప్పుడు ఈయన చెవిలో బఠాణీ గింజ ఇరికించుకుంటే తను ఎలా తీసిందో. అమ్మ ప్రస్తావన మాత్రం తేలేదు. ఆయనా తేలేదు. తేకుండా ఉండటం ఆయనకి చేతనైన పనే. అయితే రోజురోజుకీ ఆవిడ ఊపిరి చిన్నదవుతుంటే వినే మనిషి ఆయన. గది ఇటు పక్క పడుకున్నా, ఒక్కో ఊపిరి ఎంత పొడవుందో తెలిసిపోయేది. ఇంకా ఆగితే అడగడానికి మనిషి ఉండదని కూడా తెలిసిపోయింది.

ఒక మధ్యాహ్నం ఎండ కాసింది. కుర్చీ వాకిట్లో వేయమంది. వేసి, కాళ్ల కింద పీట పెట్టి, పక్కన నేల మీద కూర్చున్నాడు.

“అక్కా, అమ్మ విషయంలో నన్ను క్షమించావా?”

ఆవిడ తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపు చూసి ఎన్నాళ్లయిందోనని ఆయన కళ్లు దించుకోలేదు.

“లేదురా,” అంది. “అమ్మ ఆ తలుపు వంకే చూస్తూ పోయింది. అది నా కళ్ల ముందు నుంచి పోవట్లేదు. అబద్ధం చెప్పమంటావా?”

“వద్దు.”

“నీ మీద కోపం ఉంది. ఉందని గడ్డి కొయ్యకుండా ఉంటానా? అది వేరు, ఇది వేరు.” ఊపిరి తీసుకుని, చేత్తో ఆయన భుజం మీద చిన్నగా తోసింది. “ఎండలోకి జరుగు, చలేస్తోంది నీకు.”

మరి కొన్నాళ్లకి, మరదలు వచ్చి చేరాక, అక్క పోయింది. ఆ మాట మార్చలేదు. ఆయన మళ్లీ అడగనూ లేదు. అక్క క్షమించకుండానే పోయిందని భార్య ఎప్పుడైనా బాధపడితే, ఆయన వద్దంటాడు. జాలిపడి సరేలే అని ఉంటే ఆ మాట జాలిగానే మిగిలేది. ఆవిడ తన మొహంలోకి చూసి, తమ్ముడని నమ్మి, నిజం చెప్పింది. దానితోనే బతుకుతానంటాడు, అలాగే బతుకుతున్నాడు.